గినీ పిగ్గుకు పళ్ళ బాధ, మూత్రం బాధ

ఇంట్లో కుక్కను పెంచడం, చిలకను పెంచడం మనకు కొత్త కాదు. పెరడున్న ఇళ్ళలో ఆవూ దూడా గూడా ఉండేవి. ఇప్పుడు పెరళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వైపు కాలనీల్లో ఏ మూడో అంతస్తులోనో రెండు గదుల వాటాలో ఉన్నవాళ్ళకి కుక్కను పెంచాలంటే ఎన్ని ఇబ్బందులు! మొరిగితే పక్క వాటావాళ్ళు ఊరుకోరు. రెండు పూటలా కిందికి తీసుకెళ్ళాలి. పిల్లలేమో ఏదో ఒకటి పెంచుకుందామని ప్రాణం తోడేస్తారు. అలాంటి ఇళ్ళలోకి వచ్చి చేరుతున్న చిన్న ప్రాణి గినీ పిగ్గు. మొరగదు, కరవడం అరుదు, హాల్లో ఒక మూల చోటిస్తే చాలు.

తెచ్చిన కొత్తలో అన్నీ పిల్లలే చూస్తారు. నెల తిరిగేసరికి పరీక్షలు, ట్యూషన్లు! ఆ తరవాత గడ్డి వెయ్యడం, గూడు కడగడం ఎవరి పనవుతుందో మీకు వేరే చెప్పాలా? అందుకని ఈ నాలుగు మాటలూ పిల్లలకి కాదు, మీకే చెబుతున్నాను.

గినీ పిగ్గును పెంచే పద్ధతంతా ఇప్పుడు చెప్పబోవడం లేదు. రెండే రెండు బాధల సంగతి చెప్పుకుందాం. ఒకటి పళ్ళు అదుపు లేకుండా పెరిగిపోవడం, రెండోది మూత్రంలో రాళ్ళు. ఈ రెండే ఎందుకంటే, రెండూ చప్పుడు చెయ్యకుండా ముదిరే జబ్బులు. రెండింటికీ మన వంటింట్లోంచి వెళ్ళే తిండితో సంబంధం ఉంది. ఇక మొదట్లోనే కనిపెట్టగలిగేది డాక్టరు కాదు, రోజూ తిండి పెట్టే మనిషి.

పేరులో పిగ్గు ఉందిగాని ఇది పంది కాదండీ. ఎలుక, ఉడుతల్లాగా కొరికి తినే జంతువుల్లో చేరుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది! దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడి పెరూ, బొలీవియా ప్రాంతాలవాళ్ళు వేల ఏళ్ళ కిందటే దీన్ని మచ్చిక చేశారు. 16వ శతాబ్దంలో ఓడలెక్కి ఐరోపా చేరింది. దీని అడవి బంధువులు గడ్డిలో గుంపులుగా తిరుగుతూ గద్దలకీ నక్కలకీ ఆహారమవుతూ ఉంటాయి. గుంపులో నలతగా కనబడినదాన్నే శత్రువు ముందు పట్టుకుపోతుంది. అందుచేత నొప్పి ఉన్నా లేనట్టే ఉండడం దీనికి పుట్టుకతో వచ్చిన గుణం. ఫ్రిజ్జు తలుపు చప్పుడైతే చాలు, వీక్ వీక్ మని ఇల్లంతా వినబడేలా అరుస్తుంది. నోరు పుండుపడిన రోజున గూడా అలాగే పరుగెత్తుకొచ్చి ఆకు నోట కరుచుకుంటుంది. ‘తింటూనే ఉందిగా, దీనికేం’ అనుకుంటాం. నోట కరుచుకోవడం వేరు, నమిలి మింగడం వేరు.

మరి దాచుకునే జంతువు గుట్టు తెలుసుకోవడం ఎలా? తూకం వల్ల. పిండీ పంచదారా తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంటోంది. దానిమీద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, అంకె సున్నాకు తెచ్చి, అందులో గినీ పిగ్గును కూచోబెట్టండి. బెదరకుండా ఓ కీరా ముక్క వేస్తే అది తినే లోపల బరువు తెలిసిపోతుంది. ఆ ముక్కను గూడా ముందే డబ్బాలో వేసి సున్నాకు తెచ్చారనుకోండి, లెక్క మరీ నిక్కచ్చిగా ఉంటుంది. వారానికొకసారి, ఒకే రోజున, ఒకే వేళకు తూచాలి. ఆదివారం పొద్దున్న కూరలు వెయ్యకముందు అయితే మరిచిపోరు. వచ్చిన అంకెను పాల లెక్క రాసుకునే క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాసెయ్యండి.

ఎదిగిన గినీ పిగ్గు సాధారణంగా 700 నుంచి 1200 గ్రాముల దాకా ఉంటుంది. మీదానికి ఏ బరువు మామూలో నాలుగైదు వారాల్లో మీకే తెలుస్తుంది. ఉదాహరణకి 900 గ్రాములున్నదనుకుందాం. పాతిక ముప్ఫై గ్రాములు అటూ ఇటూ అయితే కంగారుపడక్కర్లేదు. కడుపు నిండా ఉందా, మూత్రం పోసిందా అన్నదాన్ని బట్టి ఆ మాత్రం తేడా వస్తుంది. వారంలో 50 గ్రాములు తగ్గితే మాత్రం ఆ రోజునుంచి రోజూ తూచాలి, ఏం తింటోందో దగ్గర కూచుని చూడాలి. 90 గ్రాములు, అంటే పదోవంతు తగ్గిందంటే ఇక చూస్తూ కూచోవడం లేదు, డాక్టరు దగ్గరికే. ఒళ్ళంతా బొచ్చుతో బొద్దుగా కనబడుతుంది కనుక ఈ తగ్గుదల కంటికి ఆనదు. చేతికి వెన్నెముక గరుకుగా తగిలేసరికి ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు పళ్ళ సంగతి. తినే పళ్ళ గురించి తరవాత చెబుతాను, ఇవి నోట్లో పళ్ళు! గినీ పిగ్గుకు మొత్తం 20. మనకు కనబడేవి ముందున్న నాలుగే, పైన రెండు, కింద రెండు. కోరపళ్ళు లేవు. మిగతా 16 బుగ్గల లోపల, ఒక్కొక్క దవడకు ఒక్కొక్క పక్క నాలుగేసి చొప్పున ఉంటాయి. నోరు చిన్నది, బుగ్గలు లోపలికి ముడుచుకుని ఉంటాయి కనుక అవి మన కంటికి కనబడవు. ఈ ఇరవైకీ ఒక విశేషముంది. మన గోళ్ళలాగా బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. పెరిగినంత అరగాలి. అరగదీసేది గడ్డి.

తిరగలి చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గడ్డిపోచ నమిలేటప్పుడు దాని దవడ తిరగలి రాయిలా రుద్దుకుంటూ కదులుతుంది. గడ్డి గరుకు, పీచు ఎక్కువ, ఎంతో సేపు నమిలితేగాని మింగుడుపడదు. అలా రోజంతా నములుతూ ఉంటే పైపళ్ళు కిందిపళ్ళను, కిందివి పైవాటిని అరగదీసుకుంటాయి. గడ్డి మానేసి షాపులో కొన్న గుళికలూ, చపాతీ ముక్కలూ, కేరట్టూ పెట్టామనుకోండి, నాలుగు కొరుకుళ్ళతో పని అయిపోతుంది. కడుపు నిండింది, పళ్ళు అరగలేదు. కింది దవడ పళ్ళు లోపలికి, నాలుకవైపు వంగుతూ పెరుగుతాయి. ముదిరితే రెండు పక్కలనుంచీ వచ్చి నాలుకమీద పందిరి వేసినట్టు కలుసుకుంటాయి. నాలుక ఆ పందిరికింద చిక్కుకుపోతుంది. ముందర తిండి ఉంటుంది, ఆకలి ఉంటుంది, మింగలేదు. పైపళ్ళేమో బుగ్గవైపు పెరిగి చర్మాన్ని కోస్తాయి.

ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. వారాల తరబడి జరుగుతుంది. ఆ వారాల్లో కనిపించే గుర్తులు చిన్నవి. మొదట ఎండుగడ్డి వదిలేస్తుంది, మెత్తని ఆకులు మాత్రం తింటుంది. ‘ఈమధ్య దీనికి రుచులు తెలిశాయి’ అని మనం నవ్వుకుంటాం! తరవాత ఇదివరకు రెండు నిమిషాల్లో తినే కొత్తిమీర రెబ్బ ఐదు నిమిషాలు తింటుంది. సగం నమిలిన ముక్క నోట్లోంచి జారవిడుస్తుంది. నమిలేటప్పుడు తల ఒక పక్కకి వంచుతుంది. గడ్డం కింద బొచ్చు తడిగా, అట్టకట్టినట్టు ఉంటుంది, అది చొంగ. పెంటికలు తగ్గుతాయి, చిన్నవవుతాయి. గూడు ఊడ్చేది మీరే కనుక చేట నిండా వచ్చేవి సగానికి వచ్చాయంటే మీకు వెంటనే తెలుస్తుంది. పైపళ్ళ మూలాలు కంటికి దగ్గరగా ఉంటాయి. అవి వెనక్కి పెరిగి ఒత్తిడి చేస్తే ఒక కంట నీరు కారుతుంది. కన్నులో దుమ్ము పడిందని చుక్కల మందు వేస్తూ కాలం గడపడం ఇక్కడే జరిగే పొరపాటు. ఒళ్ళో కూచోబెట్టుకున్నప్పుడు కింది దవడ అంచు వెంబడి వేలు నెమ్మదిగా రాసి చూడండి. రెండు పక్కలా ఒకేలాగ ఉండాలి. గట్టి బుడిపెలు తగిలినా, ఒక పక్క వాచినా అది పంటి జబ్బే అయ్యే అవకాశం ఎక్కువ.

ముందుపళ్ళు వారానికొకసారి, తూకంరోజునే, పెదవి కొంచెం ఎత్తి చూస్తే చాలు. తెల్లగా ఉండాలి. కిందివి పైవాటికంటే బాగా పొడుగ్గా ఉంటాయి, అది మామూలే, భయపడకండి. అంచు అడ్డంగా, సమంగా ఉందా అన్నదే చూడవలసినది. ఏటవాలుగా అరిగి ఉంటే నమలడం ఒక పక్కనే సాగుతోందన్నమాట. అప్పుడు అసలు దోషం వెనకపళ్ళలో ఉందేమోనని అనుమానించాలి. ముందుపళ్ళు పెరిగాయని గోళ్ళ కత్తెరతో కత్తిరించే ధైర్యం మాత్రం చెయ్యకండి. పన్ను నిలువునా చీలి, లోపలి జీవం దాకా పగులుతుంది. అసలు బాధ వెనక అలాగే ఉండిపోతుంది. షాపులవాళ్ళు కొరుక్కోవడానికని రంగు రంగుల చెక్కముక్కలు అమ్ముతారు. పాడు చెయ్యవుగాని అవి తగిలేది ముందుపళ్ళకే. వెనక పదహారింటికీ గడ్డే గతి.

గడ్డి అన్నాను గాని మన ఊళ్ళో ఏ గడ్డి, ఎక్కడ? పెంపుడు జంతువుల షాపుల్లో తిమోతీ అనే ఎండుగడ్డి పొట్లాలు దొరుకుతాయి. ఖరీదైనా పెద్దవాటికి అది మంచి మేత. కొనేటప్పుడు పచ్చదనం, మంచి వాసన ఉన్నాయో లేదో చూడండి. వానాకాలంలో బూజు వాసన వస్తే పారెయ్యడమే. మన గరిక గూడా ఇష్టంగా తింటుంది. వినాయక చవితి రోజుల్లో మార్కెట్లో కట్టలు కట్టలుగా వస్తుంది, మిగతా రోజుల్లో శుభ్రమైన చోటు చూసి కోసుకోవాలి. పార్కుల్లో కుక్కలు తిరిగే చోటు, పురుగులమందు చల్లే చోటు పనికిరాదు. కోసినదాన్ని రెండు నీళ్ళలో కడిగి, నీరోడ్చి వెయ్యండి. పశువులకి వేసే లూసర్న్ గడ్డి ఎదిగే పిల్లలకీ, చూలుతో ఉన్నవాటికీ సరేగాని పెద్దవాటికి రోజూ వెయ్యకూడదు. ఎందుకో రాళ్ళ సంగతి వచ్చినప్పుడు చెబుతాను. వరిగడ్డి పక్కగా పరవడానికి బాగుంటుంది, మేతగా సారం తక్కువ. ఏ గడ్డయినా లెక్క ఒకటే. రాత్రీ పగలూ గూట్లో ఎప్పుడూ ఉండాలి, దాని ఒళ్ళంత మోపు ఉండాలి. కూరలూ గుళికలూ తరవాత.

పళ్ళకి సంబంధించినదే ఇంకొకటుంది, సి విటమిన్. కుక్క, పిల్లి, ఆవు తమకు కావలసిన సి విటమిన్‌ను ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనం చేసుకోలేం. గినీ పిగ్గూ చేసుకోలేదు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, టెయోడోర్ ఫ్రోలిష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వీటికి ఉత్త ధాన్యం పెట్టి చూస్తే, నావికులకి వచ్చే స్కర్వీ జబ్బులాంటిదే వీటికీ వచ్చింది. సి విటమిన్‌ను కనుక్కునే దారి అక్కడ పడింది. మనిషికి ఇంత మేలు చేసిన జంతువుకు మన ఇంట్లోనే ఆ విటమిన్ కరువవడం ఏం న్యాయం? అది చాలకపోతే చిగుళ్ళలో రక్తం వస్తుంది, పన్నును దవడకు పట్టి ఉంచే కండ వదులవుతుంది, కీళ్ళు నొప్పి చేసి కదలడానికి బద్ధకిస్తుంది, బొచ్చు గరుకవుతుంది.

రోజుకు కావలసింది కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు. ఇదేం పెద్ద ఖర్చు కాదు. జామపండు 100 గ్రాముల్లో సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది, అంటే బొటనవేలంత ముక్క చాలు. తీపి కనుక అంతకు మించి వద్దు. నేనైతే బెంగుళూరు మిరపకాయ, అదే కాప్సికమ్, ముందు చెబుతాను. 100 గ్రాముల్లో 80 మిల్లీగ్రాముల దాకా విటమిన్, కాల్షియం చాలా తక్కువ, తీపి తక్కువ. గింజలూ తొడిమా తీసి రెండు ముక్కలు రోజూ వెయ్యవచ్చు. సరూర్‌నగర్ రైతుబజారులోనో వనస్థలిపురం రైతుబజారులోనో వారానికి కాస్త కొంటే సరిపోతుంది. విటమిన్ చుక్కలు తాగే నీళ్ళలో కలపమని కొందరు చెబుతారు. నీళ్ళలో ఆ విటమిన్ త్వరగా చచ్చిపోతుంది, పైగా రుచి మారిందని నీళ్ళే మానేస్తుంది. గుళికలు కొనేటప్పుడు ఒకటి చూడండి. కుందేలు గుళికలూ ఇవే అని అంటగడతారు. కుందేలు సి విటమిన్ తనే తయారుచేసుకుంటుంది కనుక ఆ గుళికల్లో అది కలపరు. గినీ పిగ్గులవే అడగండి. నిలవుంటే విటమిన్ తగ్గిపోతుంది కనుక తేదీ చూసి చిన్న పొట్లమే కొనండి.

ఇక మూత్రం. చెప్పుకోవడానికి బాగుండదని ఊరుకుంటే ప్రాణంమీదికొచ్చే విషయమిది. గినీ పిగ్గు మూత్రం మనదిలా తేటగా ఉండదు. కొంచెం మబ్బుగా, లేత పసుపుగా ఉంటుంది. ఆరితే తెల్లని పలచని పొడిలాంటి మరక మిగులుతుంది. దానికి కారణముంది. మనం తిన్న కాల్షియంలో ఒంటికి కావలసినంతే పేగులు పీల్చుకుంటాయి. గినీ పిగ్గు పేగులు వచ్చినదాంట్లో చాలా భాగం పీల్చేసుకుంటాయి. ఎక్కువైనది మూత్రంలోంచి బయటికి పోవాలి. అందుకే ఆ తెలుపు. దానంతట అది జబ్బు కాదు. మూత్రాశయంలో అది పేరుకుని ఇసకయి, ఇసక గట్టిపడి రాయి కావడం జబ్బు. వీటికి వచ్చే రాళ్ళలో చాలా భాగం కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయి జాతి.

చూడడం ఎలాగంటే, గూట్లో ఒక మూల ముదురు రంగు పాతగుడ్డ పరవండి. పొద్దున్నే తీసినప్పుడు ఆరిన మరకమీద వేలు రాయండి. ముగ్గుపిండిలా మెత్తగా ఉంటే సరే. ఇసకలా గరగరలాడిందా, జాగ్రత్తపడాలి. ఎరుపు కనబడితే కిందటి రోజు బీట్‌రూట్ వేశారేమో గుర్తు తెచ్చుకోండి. కొన్ని ఆకుల రంగు గూడా దిగుతుంది. వెయ్యలేదంటే తెల్లగుడ్డ పరిచి మళ్ళీ చూడండి. రెండోసారీ ఎరుపే అయితే అది రక్తమే అనుకుని బయల్దేరండి. రాయి, ఇన్ఫెక్షన్, ఆడదైతే గర్భాశయం జబ్బు, ఏదైనా కావచ్చు. ఏదో తేల్చడం డాక్టరు పని. మూత్రం పోసేటప్పుడు సన్నగా, బాధగా కీచుమంటుంది చూడండి, తిండికోసం అరిచే అరుపు కాదది, అది చాలా ముఖ్యమైన గుర్తు. వీపు గూనిలా వంచి కూచోవడం, మాటిమాటికీ వెళ్ళి చుక్క చుక్క పొయ్యడం, వెనకభాగం ఎప్పుడూ తడిగా వాసనగా ఉండడం గూడా అలాంటివే. బొత్తిగా మూత్రమే రాకపోతే రాయి దారికి అడ్డుపడిందన్నమాట. మగవాటికి ఈ ప్రమాదం ఎక్కువ. అది తెల్లవారేదాకా ఆగే వ్యవహారం కాదు.

రాయి ఎందుకు వస్తుందంటే ఒక్క కారణం చెప్పలేం. పుట్టుక, తిండి, నీళ్ళు తక్కువ తాగడం, ఇన్ఫెక్షన్, అన్నీ కలుస్తాయి. మన చేతిలో ఉన్నవి తిండీ నీళ్ళే. ఇక్కడ తెలుగు ఇళ్ళలో ఒక చిక్కుంది. మన ఆకుకూరలన్నీ కాల్షియానికి పెట్టింది పేరు. మునగాకు, మెంతికూర, తోటకూర, కరివేపాకు మనకు ఎముకబలమని తింటాం. కూర ఏరగా మిగిలిన కాడలూ ఆకులూ గూట్లో పడేస్తాం, వృథా పోకుండా. మనకు గుణమైనదే దానికి రోజూ మోసే బరువవుతుంది. లూసర్న్ గడ్డి గూడా అదే కోవలోది. పాలకూరలో ఆక్సలేటు అనేది ఎక్కువ, అదీ రోజూ వద్దు. ఇవేవీ విషాలు కావు. ఎప్పుడైనా ఒకటి రెండు ఆకులు వేస్తే ఏం కాదు. రోజుకొక పిడికెడు చొప్పున ఏడాది పొడుగునా వెయ్యడం తప్పు. రోజువారీకి కాప్సికమ్, కీరా, సలాడ్ ఆకు, నాలుగు కొత్తిమీర రెబ్బలు ఉంచుకోండి. అలాగని భయపడి కాల్షియం మొత్తం తీసేస్తే ఎముకలూ పళ్ళూ చెడతాయి. మంచి గడ్డిలో కావలసినంత ఉంటుంది.

నీళ్ళ సంగతి మనవైపు అందరికీ తెలిసిందే. కృష్ణా నీళ్ళు 2004 నుంచి నగరానికి వస్తున్నా, నల్లా రాని వేళ బోరు నీళ్ళే దిక్కయ్యే ఇళ్ళు చాలా ఉన్నాయి. బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పొర కట్టడం చూస్తూనే ఉంటాం. ఆ నీళ్ళవల్లే రాళ్ళు వస్తాయని తీర్మానించలేం. కాని మనం తాగని నీళ్ళు దానికెందుకు? మన మంచినీళ్ళే పొయ్యండి. సీసాతోబాటు బరువైన చిన్న గిన్నెలో గూడా పెడితే ఎక్కువ తాగుతుంది. సీసా మూతి గోళీ ఇరుక్కుందేమో రోజూ వేలితో నొక్కి చూడండి. ఆకులు తుడవకుండా తడితోనే వేస్తే ఆ మేరకు నీరు ఒంట పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ ముఖ్యం. 30 డిగ్రీలు దాటితేనే ఇది వేడికి తాళలేదు, మన ఎండలు 40 దాటతాయి. పడమటి బాల్కనీలో గూడు ఉంటే లోపలికి మార్చండి.

రాయి అనగానే మనవాళ్ళకి కొండపిండి ఆకు, అరటిదూట రసం, బార్లీ నీళ్ళు గుర్తొస్తాయి. మనుషుల సంగతి ఎలా ఉన్నా, గినీ పిగ్గులో కట్టిన సున్నపురాయిని కరిగించే మందేదీ లేదు. చాలావరకు ఆపరేషన్ చేసి తియ్యవలసిందే. పసరు పోస్తూ పోగొట్టుకునే నాలుగు రోజులే దాని ఆయుష్షు కావచ్చు. దీనికంటే ప్రమాదం మన మందుల డబ్బా. పిల్లలకి జ్వరమప్పుడు మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఉంటుంది కదా, అది రెండు చుక్కలు వేద్దామనిపిస్తుంది. పెనిసిలిన్ జాతి మందులు నోటిద్వారా పడితే గినీ పిగ్గు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, ప్రాణం పోతుంది. జబ్బుకన్న ముందు మందే చంపుతుంది. క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. కుక్కలకి మాత్రమే వైద్యం చేసే చోట ఏదైనా మందు రాస్తే, ‘ఇది గినీ పిగ్గుకు పనికొస్తుందాండీ?’ అని అడగడానికి మొహమాటపడకండి.

ఇంకొక గడువు గుర్తుంచుకోండి. కుక్క ఒక పూట తినకపోయినా ఫరవాలేదు. ఇది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే పేగుల కదలిక మందగిస్తుంది, ఒక రోజంతా తినకపోతే ప్రాణాపాయం. శనివారం రాత్రి తినడం మానేసినదాన్ని సోమవారం చూపిద్దామనుకోకూడదు.

ఎవరికి చూపించాలి? అవసరం రాకముందే కనుక్కుని పెట్టుకోవడం మంచిది. దగ్గరలోని క్లినిక్కులకి ఫోను చేసి మూడు ప్రశ్నలు వెయ్యండి. కుందేళ్ళూ గినీ పిగ్గులూ చూస్తారా? నోట్లో వెనకపళ్ళు చూసే సాధనముందా? ఎక్స్‌రే ఉందా? సున్నపురాళ్ళు ఎక్స్‌రేలో తెల్లగా స్పష్టంగా కనబడతాయి. వెనకపళ్ళు అరగదీయాలంటే మత్తు ఇవ్వాలి. అందుకని ఈ ప్రశ్నలు. ప్రభుత్వ వైద్యం కావాలంటే నారాయణగూడలో పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. ఎల్.బి.నగర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వెళ్ళవచ్చు. ఏ వేళకు చూస్తారో ముందు కనుక్కుని బయల్దేరండి.

కొన్న ఖరీదుకన్న వైద్యం ఖర్చు చాలా ఎక్కువవుతుంది. ‘దీనికి అంత ఖర్చా, ఇంకొకటి కొనిస్తే పోలేదూ’ అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. డబ్బు లేని ఇబ్బంది నిజమే, దాన్ని నేను కాదనను. అయినా ఆ మాట పిల్లల ఎదుట అనకపోవడం మంచిదని నా అభిప్రాయం. పైగా పళ్ళ జబ్బు ఒక్కసారి అరగదీస్తే పోయేది కాదు, కొన్నిటికి కొన్ని వారాలకొకసారి చెయ్యవలసి వస్తుంది. రాయి తీసినా మళ్ళీ కట్టవచ్చు. ఇవన్నీ డాక్టరును ముందే అడిగి, ఎంతదాకా చేయించగలమో ఇంటిల్లిపాదీ కూచుని అనుకోండి. మరీ ముదిరిపోయి, నొప్పి తప్ప ఏమీ మిగలనప్పుడు బాధ లేకుండా కన్నుమూయించమని అడగడం గూడా పాపం కాదు.

వెళ్ళేటప్పుడు గాలాడే గట్టి పెట్టెలో గడ్డి పరిచి, పొద్దున చల్లపూట ఆటోలో తీసుకెళ్ళండి. బరువులు రాసిన క్యాలెండరు కాగితం, ఆనాటి పెంటికలు, మరక పడ్డ గుడ్డ కవరులో వేసి పట్టుకెళ్ళండి. రోజూ ఏమేం పెడుతున్నారో దాచకుండా చెప్పండి, బిస్కెట్లతో సహా. మత్తు ఇస్తామన్నారని ముందు రాత్రినుంచి మనుషుల్లా పస్తు ఉంచకండి, ఎన్ని గంటలు ఆపాలో వాళ్ళే చెబుతారు. ఇంటికొచ్చాక సొంతంగా తినేదాకా మనం తినిపించాలి. గుళికలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తగా జావలా చేసి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా, రాత్రిపూట గూడా లేచి పెట్టాలి. వెల్లకిలా పట్టుకుని పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగు కాళ్ళమీద ఉంచి, ముందుపళ్ళకీ వెనకపళ్ళకీ మధ్యనున్న ఖాళీలోంచి పక్కగా పెట్టి, అది నమిలి మింగాకే తరవాతి చుక్క వెయ్యాలి.